మాత్ర లేకుండా మైగ్రేన్ తగ్గుతుందా? పాఠకుల ప్రశ్నలకి డాక్టర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు తలనొప్పి గురించే ఉన్నాయి, అందరూ అడిగింది కూడా దాదాపు ఒకటే, మందులు లేకుండా ఏదైనా దారి ఉందా అని. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం మైగ్రేన్‌కే ఇచ్చేశాం.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది తణుకు, నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. కాలేజీ రోజుల నుంచి కుడి కణత దగ్గర పోటు వస్తుంది, వెలుతురు చూడలేను, మిక్సీ సౌండ్ వింటే ఇంక ఏడుపే. మా అత్తగారు పైత్యం అంటారు, నిజంగానే పసరు కక్కేస్తే కాస్త తేలికపడుతుంది. ముందు నెలకి రెండుసార్లు వచ్చేది, ఇప్పుడు వారంలో నాలుగు రోజులు ఉంటోంది, మెడికల్ షాపులో ఇచ్చే మాత్ర వేసుకుంటే గానీ వంటింట్లోకి వెళ్లలేకపోతున్నా. మాత్రలు మానేసి నేచురల్‌గా తగ్గించుకోవాలని ఉంది. శొంఠి పట్టు వేస్తున్నాను, ఇంకేం చేయాలో చెప్పండి ప్లీజ్.

జవాబు: అమ్మా, మాత్రలు మానాలనుకోవడం మంచిదే, కానీ మీ విషయంలో దానికి ఇంకో పెద్ద కారణం ఉంది, ముందు అది చెప్తాను. నెలకి రెండుసార్లు వచ్చే నొప్పి వారానికి నాలుగు రోజులు అయిందంటే అందులో ఆ మాత్ర పాత్ర కూడా ఉండే అవకాశం చాలా ఎక్కువ. మెడికల్ షాపులో తలనొప్పికని అడిగితే ఇచ్చేవాటిలో రెండు మూడు మందులు కలిపినవి చాలా ఉంటాయి, కొన్నిట్లో కెఫీన్ కూడా ఉంటుంది. ఇలాంటి కలిపిన మాత్రలు నెలలో 10 రోజులు, ఒట్టి పారాసిటమాల్ అయితే 15 రోజులు, అలా మూడు నెలల పైన వాడుతూ పోతే ఆ మాత్రే తలనొప్పిని పెంచి పోషిస్తుంది. పొద్దున లేవగానే తల బరువు, మాత్ర వేస్తే మధ్యాహ్నం దాకా ఫర్వాలేదు, సాయంత్రానికి మళ్లీ మొదలు. ఇది ఆగనంతవరకు శొంఠి రాసినా యోగా చేసినా పెద్దగా గుణం కనపడదు. అయితే ఆపిన మొదటి వారం పది రోజులు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, చాలామంది అక్కడే భయపడి మళ్లీ మొదలుపెట్టేస్తారు, కాబట్టి సొంతంగా ఆపకుండా ఫిజీషియన్‌నో న్యూరాలజిస్టునో కలిసి ఆ పది రోజులు గట్టెక్కడానికి వేరే మందు రాయించుకుని అప్పుడు మానండి.

మీ అత్తగారు చెప్పినదాంట్లో గమనించాల్సింది ఒకటుంది. మైగ్రేన్ వచ్చినప్పుడు పొట్ట కదలికలు నెమ్మదిస్తాయి, అందుకే తిప్పడం, పసరు రావడం. పైత్యం వల్ల తలనొప్పి రావట్లేదు, నొప్పి తెచ్చే గొడవే పొట్టని కూడా పట్టుకుంటోంది. నొప్పి బాగా ముదిరాక వేసిన మాత్ర సరిగా ఒంటికి పట్టకపోవడానికి కారణం కూడా అదే.

ఇక మీరడిగిన నేచురల్ సంగతి. మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడుకి మార్పు పడదు. భోజనం వేళ మారినా, నిద్ర తగ్గినా ఎక్కువైనా, ఎండ తగిలినా, నెలసరి ముందు ఈస్ట్రోజెన్ పడిపోయినా తట్టుకోలేదు. ఆడవాళ్లలో మగవాళ్లకంటే ఇది దాదాపు మూడు రెట్లు ఎక్కువ కనపడటానికి ఆ హార్మోన్ల హెచ్చుతగ్గులు ఒక ముఖ్య కారణం. ఇప్పుడు మన ఇళ్లల్లో పొద్దుటి పూట ఒక్కసారి చూడండి. అయిదింటికి లేచి, ఖాళీ కడుపుతో కాఫీ తాగి, పిల్లలకి బాక్సులు కట్టి, తలస్నానం చేసి తడి జుట్టుకి టవల్ చుట్టుకుని, అగరుబత్తి వెలిగించి దీపం పెట్టి, అందరూ వెళ్లాక ఇంకో కాఫీ తాగి, పదకొండింటికి మిగిలిన ఉప్మా తినడం. మైగ్రేన్ ఉన్న మనిషికి ఈ వరుసలో ప్రతి అడుగూ ఇబ్బందే, ఇంట్లో ఎవరికీ అది కనపడదు, పైగా ఆవిడకేదో ఊరికే తలనొప్పి వస్తూ ఉంటుంది అనేస్తారు, అది వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

తలస్నానం గురించి రాస్తే కొందరు నమ్మరు కానీ ముంబైలో ఒక తలనొప్పి స్పెషలిస్టు తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది పేషెంట్ల వివరాలు 2006లో ఒక అంతర్జాతీయ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు, పొడుగు జుట్టు తలారా కడుక్కునే మన ఆడవాళ్లకి బాగా తెలిసిన సంగతే అది. మీకూ అలా ఉందేమో గమనించుకోండి. ఉంటే ఏదైనా తిన్నాకే తలస్నానం చేయండి, నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, జుట్టు త్వరగా ఆరబెట్టుకోండి, తడి జుట్టు బిగించి ముడి వేయకండి, ఆ వెంటనే సాంబ్రాణి పొగ వేసుకోవడం మానేయండి. ఘాటు వాసన చాలామందికి పడదు. దేవుడి దగ్గర అగరుబత్తి లేకపోతే దీపం చాలు.

లేచిన గంటలోపు ఏదో ఒకటి తినండి, ఇడ్లీ అయినా చద్దన్నంలో పెరుగు వేసుకున్నా సరే, పిల్లల బాక్సులు అయ్యాక కాదు, ముందే. కార్తీక సోమవారాలు చుక్కలు చూసేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టని వాళ్లున్నారు, మైగ్రేన్ ఉంటే అలా వద్దు, పాలు, పండ్లు, మజ్జిగ తీసుకుంటూ ఉపవాసం ఉండండి. ఇంకొకటి, వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది కదా, అందులోనే నొప్పి వచ్చిన రోజుకి ఒక గుర్తు, మాత్ర వేసుకున్న రోజుకి ఇంకో గుర్తు, నెలసరి తేదీకి ఒకటి పెట్టండి. రెండు మూడు నెలలకే మీ నొప్పి దేనితో ముడిపడి ఉందో మీకే తెలిసిపోతుంది, డాక్టర్‌కి కూడా ఏ స్కానింగ్ కంటే ఆ క్యాలెండరే ఎక్కువ ఉపయోగపడుతుంది.

శొంఠి పట్టు వేసుకోవచ్చు, చర్మం మండకపోతే. కానీ శొంఠి లోపలికి తీసుకుంటేనే ఎక్కువ ప్రయోజనం ఉండొచ్చని నా అభిప్రాయం. ఇరాన్‌లో 100 మంది మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో నొప్పి మొదలవగానే 250 మిల్లీగ్రాముల అల్లం పొడి, అంటే పావు గ్రాము, తీసుకున్నవాళ్లకి రెండు గంటల్లో వచ్చిన ఉపశమనం సుమాట్రిప్టాన్ అనే మైగ్రేన్ మాత్రతో వచ్చినంత ఉంది. ఒక్క అధ్యయనంతో తేల్చేయకూడదు గానీ వికారానికి కూడా అల్లం మంచిదే కాబట్టి వేడినీళ్లలో కలుపుకుని తాగి చూడండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగాలి. దాంతోపాటు చీకటి గదిలో పడుకోవడం, ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి మెడ మీద, నుదుటి మీద పెట్టుకోవడం. అప్పటికీ నొప్పి పెరుగుతుంటే డాక్టర్ రాసిచ్చిన మాత్ర మొదట్లోనే వేసుకోండి, ఓర్చుకుని ఓర్చుకుని రాత్రికి వేసుకోవడం వల్ల ఏ లాభం లేదు.

ప్రశ్న: హాయ్ డాక్టర్ గారూ, నేను డాలస్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్. వారమంతా బాగానే ఉండి శనివారం పొద్దున కరెక్టుగా మైగ్రేన్ వస్తోంది, వీకెండ్ మొత్తం పాడైపోతోంది. వీక్‌డేస్‌లో ఇండియా కాల్స్ వల్ల లేట్ అవుతుంది, కాఫీ రోజుకి అయిదారు కప్పులు. ఫ్రెండ్స్ మెగ్నీషియం, బటర్‌బర్, బి2 అని చాలా చెప్తున్నారు. అన్నీ కలిపి వాడొచ్చా?

జవాబు: అన్నీ కలిపి వద్దు. బటర్‌బర్ అసలే వద్దు, అది మొక్క నుంచి తీసిందే, 2012లో అమెరికన్ న్యూరాలజీ అకాడమీ మైగ్రేన్ నివారణకి గట్టిగానే సిఫారసు చేసింది కూడా, తర్వాత లివర్ దెబ్బతింటుందన్న ఆందోళనతో 2015లో ఆ సిఫారసు వెనక్కి తీసుకున్నారు. మొక్క నుంచి వచ్చింది కదా ఏమీ చేయదు అనుకునే వాళ్లందరికీ నేను ఇదే చెప్తుంటాను.

మీ శనివారం నొప్పికి సప్లిమెంట్ల కంటే ముందు చూడాల్సింది మీ శనివారాన్నే. వారమంతా ఏడింటికి లేచి శనివారం పదకొండింటికి లేస్తే నిద్ర వేళ మారింది, టిఫిన్ వేళ మారింది, మొదటి కాఫీ నాలుగు గంటలు లేటయింది. రోజూ అన్ని కప్పులు తాగే వాళ్లకి 12 నుంచి 24 గంటలు కాఫీ పడకపోతే ఆ లోటుకే తలనొప్పి వస్తుంది. దానికి తోడు వారమంతా ఉన్న టెన్షన్ ఒక్కసారి దిగడం కూడా కొందరికి మైగ్రేన్ తెస్తుంది. సెలవు రోజు కూడా మామూలు టైముకే లేచి తినండి, మళ్లీ మధ్యాహ్నం కాసేపు పడుకోండి కావాలంటే. కాఫీ ఒక్కసారిగా మానొద్దు, మూడు నాలుగు రోజులకొక కప్పు చొప్పున తగ్గిస్తూ రోజుకి రెండు దగ్గర ఆగండి, మధ్యాహ్నం తర్వాత వద్దు.

మెగ్నీషియం, బి2 రెండిటికీ కొంత ఆధారం ఉంది. అధ్యయనాల్లో మెగ్నీషియం రోజుకి 400 నుంచి 600 మిల్లీగ్రాముల వరకు వాడారు, విరేచనాలు అవ్వచ్చు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. బి2 అంటే రైబోఫ్లావిన్ 400 మిల్లీగ్రాములు, మామూలు బి-కాంప్లెక్స్ మాత్రలో దానికి చాలా తక్కువ ఉంటుంది, మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంది కంగారుపడకండి. మీ డాక్టర్‌కి చెప్పి ఒక్కటి మొదలుపెట్టి మూడు నెలలు ఆగి చూడండి, రెండు వారాల్లో పనిచేయట్లేదని పక్కన పడేస్తే అది పనిచేసేదో కాదో ఎప్పటికీ తేలదు. వీటితోపాటు నువ్వులు, గుమ్మడి గింజలు, బాదం, తోటకూర, రాగిజావ తినండి, మెగ్నీషియం వాటిలోనూ బాగానే ఉంటుంది.

ప్రశ్న: మాది సిద్దిపేట. ఆరేండ్ల సంది నెత్తి నొస్తది, కండ్ల మీద, ముక్కు పక్కన బరువు, ముక్కుల కెల్లి నీళ్లు గూడ కారుతయి. సైనస్ అన్నరు, ఆవిరి పడ్తున్న, మందులు గూడ వాడిన, తక్కువైతలేదు. సెలూన్ల మెడ విరిపిచ్చుకుంటే జర మంచిగనిపిస్తది. యోగాతోని తక్కువైతదా?

జవాబు: ముందు మెడ విరిపించుకోవడం ఆపేయండి, ఈ రోజు నుంచే. మెటికలు విరిచినట్టు మెడని ఒక్క ఊపున తిప్పితే మెదడుకి వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నాయి. తల మర్దన చేయించుకోండి, ఫర్వాలేదు, మెడ మాత్రం వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

రెండోది, అది సైనస్ కాకపోవచ్చు. 2004లో అమెరికాలో తమది సైనస్ తలనొప్పి అనుకుంటున్న 2,991 మందిని పరిశీలిస్తే 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ తరహా లక్షణాలే. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, కళ్లల్లో నీళ్లు వస్తాయి, ఎందుకంటే ముఖానికి వెళ్లే ట్రైజెమినల్ నరం మైగ్రేన్‌కీ సైనస్‌కీ ఒకటే. జ్వరం, చిక్కటి పచ్చ చీమిడి లేకుండా ఆరేళ్లుగా వచ్చిపోతూ, ఎండకి వెళ్తేనో అన్నం లేటైతేనో వస్తుందంటే న్యూరాలజిస్టుకి ఒకసారి చూపించండి.

యోగా విషయంలో మన దేశంలోనే మంచి అధ్యయనం ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 160 మంది మైగ్రేన్ పేషెంట్లని రెండు గ్రూపులు చేసి ఒక గ్రూపుకి మందులు, ఇంకో గ్రూపుకి మందులతోపాటు యోగా ఇచ్చారు, చివరిదాకా ఉన్నది 114 మంది. మూడు నెలల తర్వాత యోగా చేసినవాళ్లకి నెలకి సుమారు 9 సార్లు వచ్చే నొప్పి 5 లోపుకి వచ్చింది, ఒట్టి మందుల గ్రూపులో తగ్గింది ఒకటి మాత్రమే. 2020లో వచ్చిందిది. గమనించండి, మందులు మానేసి చేసింది కాదు. ప్రాణాయామం, నిదానంగా చేసే ఆసనాలు, చివర్లో శవాసనం చాలు, శీర్షాసనం జోలికి పోకండి, నొప్పి ఉన్న రోజు ఊరికే శ్వాస మీద ధ్యాస పెట్టి పడుకోండి. ఆ టైమ్ దొరకకపోతే పొద్దున 40 నిమిషాలు వేగంగా నడవండి.

ప్రశ్న: మేడమ్, నాకు 26, వైజాగ్. తలనొప్పి వచ్చే ముందు ఒక 20 నిమిషాలు కంటి ముందు మెరుపు గీతలు వంకరటింకరగా కదులుతాయి, చూపు ఒక పక్క కనపడదు, తర్వాత నొప్పి. పిసిఓడికి టాబ్లెట్స్ వాడుతున్నా. ధ్యానం మొదలుపెట్టాను, ఇంకేమైనా చేయాలా?

జవాబు: ధ్యానం కొనసాగించండి, కానీ ఈ వారమే ఆ పిసిఓడి టాబ్లెట్ షీట్ తీసుకెళ్లి మీ గైనకాలజిస్టుకి ఈ మెరుపు గీతల సంగతి చెప్పండి. పిసిఓడికి తరచుగా రాసేవాటిలో ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా ఉంటాయి. నొప్పికి ముందు మీకు చూపులో వచ్చే ఆ మార్పులనే ఆరా అంటారు, ఆరాతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు ఆ మాత్రలు వాడితే చిన్న వయసులోనే పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది, సిగరెట్ కూడా ఉంటే ఇంకా ఎక్కువ. భయపెట్టడానికి కాదు, మీ వయసులో అది అరుదే, కానీ తలనొప్పి సంగతి గైనకాలజిస్టుకి చెప్పాలని చాలామంది అమ్మాయిలకి తట్టదు. ఈస్ట్రోజెన్ లేని దారులు ఉన్నాయి, వాళ్లే మారుస్తారు.

ప్రశ్న: మా అమ్మకి 58. ఎప్పుడూ తలనొప్పి ఎరగదు, నెల నుంచి ఎడమ కణత దగ్గర ఒకటే నొప్పి. తమలపాకు రసం, తుమ్మి ఆకు రసం ముక్కులో వేయమంటున్నారు. వేయొచ్చా?

జవాబు: వేయొద్దు, ముక్కులో ఏ పసరూ వద్దు. ఇంతకుముందు తలనొప్పి లేని మనిషికి 50 దాటాక కొత్తగా మొదలైతే దాన్ని మైగ్రేన్ అని సరిపెట్టుకోకూడదు. ఈ రెండు మూడు రోజుల్లోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, బీపీ చూస్తారు, ఒంట్లో ఎక్కడైనా వాపు ఉందేమో చూసే ఈఎస్ఆర్ రక్తపరీక్ష, అవసరమైతే స్కానింగ్ రాస్తారు. నమిలేటప్పుడు దవడ నొప్పి పుడుతోందా, దువ్వెన తగిలితే తల నొప్పిగా ఉంటోందా, చూపు ఏమైనా మసకబారిందా, ఈ మూడూ అమ్మని అడిగి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. చూపు మసకబారినా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, ఉన్నట్టుండి భరించలేని నొప్పి ఒక్కసారిగా వచ్చినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి, తెల్లారనివ్వకండి. రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి.