ఫ్లెక్సీలో ఫొటో ఉంది సరే, ఆ మనిషి ఎవరో ఎవరు చెప్తారు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి, పోయిన పెద్దోళ్ళని గుర్తుపెట్టుకోవడం గురించి. అందుకే మిగతావి వచ్చే సంచికకి ఉంచి ఈ నాలుగే తీసుకున్నా.

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సోలాపూర్. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని కోసం వచ్చిన పద్మశాలీలం. ఈ రెండు మూడేళ్ళలో మా గల్లీలో పెద్దోళ్ళు చాలామంది పోయారు. పోయినప్పుడల్లా ఫ్లెక్సీ కడతాం, వాట్సాప్ స్టేటస్ పెడతాం, దినాలయ్యాక ఫ్లెక్సీ తీసేస్తాం, అంతే. అందరి మీదా కలిపి ఒక చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం, ఒక్కొక్కరికి ఒక పేజీ. కానీ రాద్దామని కూర్చుంటే "మంచి మనిషి, కష్టజీవి, అందరికీ తలలో నాలుక" తప్ప ఇంకేం రావట్లేదు. పైగా మా పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఎట్లా చేయాలి?

జవాబు: పుస్తకం ఆలోచన మాత్రం ఆపకండి, ఈ సంవత్సరమే చేయండి, ఎందుకంటే పోయినవాళ్ళ గురించి చెప్పగలిగినవాళ్ళు కూడా పెద్దోళ్ళే, వాళ్ళూ ఎన్నాళ్ళుంటారో తెలీదు.

ఇక ఏం రాయాలి అన్నది. ప్రతి పేజీలో కష్టజీవి అని రాస్తే పేరు చెరిపేశాక ఆ పేజీ ఎవరిదో ఇంట్లోవాళ్ళే గుర్తుపట్టలేరు. ఆ కష్టం ఏంటో రాయండి. ఆయన చేతిమగ్గం మీద మొదలుపెట్టాడా, నేరుగా పవర్‌లూమ్ కార్ఖానాలో చేరాడా, చద్దర్లు నేశాడా టవల్స్ నేశాడా, డిజైన్లు నేసే జకార్డ్ మగ్గం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎన్ని మగ్గాలు ఒక్కడే చూసుకునేవాడు, డే షిఫ్టా నైట్ షిఫ్టా, పగారు ఏ రోజు ఇచ్చేవాళ్ళు, ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు పిల్లలకి ఏం తెచ్చేవాడు. తాత ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు అని మనవడు అంటే అది తప్పకుండా రాయండి, ముప్పై నలభై ఏళ్ళు పవర్‌లూమ్ చప్పుడులో నిలబడ్డవాళ్ళకి చెవులు దెబ్బతింటాయి, పక్కన ఉన్నోడి పెదాలు చూసి మాట అర్థం చేసుకోవడం అలవాటైపోతుంది, ఇంటికొచ్చినా గొంతు తగ్గదు. ఆయనకి కోపం ఎక్కువ అనుకునే పిల్లలకి అసలు సంగతి ఆ ఒక్క వాక్యంతో తెలుస్తుంది.

ఆడోళ్ళ పేజీల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండండి. మన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చూడండి, ఆమె ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి, అక్కడితో అయిపోతుంది. మీ సోలాపూర్‌లో మగ్గం మగాళ్ళదైతే బీడీ ఆడోళ్ళది, సగం ఇళ్ళు నడిచింది ఆ బీడీల మీదే. తునికాకు నానబెట్టడం, తడిబట్టలో చుట్టి ఉంచడం, కత్తెరతో ఒకే సైజుకి కత్తిరించడం, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం, ఇదంతా వంట చేస్తూ పిల్లల్ని చూసుకుంటూ, మెడ వంచి రోజుకి వందల బీడీలు. ఆకులో, చేతిలో తప్పు లేకపోయినా కంపెనీలో బాగాలేవని కొన్ని పక్కన పడేస్తే ఆ డబ్బు పోయినట్టే. ఇవన్నీ ఆమె కూతుళ్ళకి తెలుసు, కానీ రాయాల్సిన విషయాలని వాళ్ళు అనుకోరు, మీరే అడగాలి. ఆమె బీడీ కార్మికుల గుర్తింపు కార్డు, పీఎఫ్ కాగితాలు ట్రంకు పెట్టెలో ఉంటే బయటికి తీయండి, పనిలో చేరిన తేదీ దొరకొచ్చు, చాలామంది ఆడోళ్ళ జీవితంలో కాగితం మీద ఉన్న తేదీలు అవే.

చేతి పని ఎంత పెద్ద విషయమో చెప్పడానికి మనవాళ్ళలోనే ఒకాయన ఉన్నారు, ఆలేరు దగ్గర శారాజిపేట వాసి చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు నూలుని వరసగా మేకుల మీద చుట్టాలంటే, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి, తల్లి భుజం నొప్పితో పడే బాధ చూసి ఆయన ఆసు పోసే మిషన్ తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు మిషన్. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ మిషన్ చూసిన ప్రతివాడికీ ఆమె ఏం పని చేసిందో తెలుస్తుంది. మీ పుస్తకంలో ప్రతి పేజీ ఆ పని చేయాలి.

ఎవరిని అడగాలి అంటారా, నా మాట వింటే ముందు చావింట్లో రాగం తీసి ఏడ్చే పెద్దమ్మల దగ్గరికి వెళ్ళండి. మనం ఆ ఏడుపు సరిగ్గా వినం, కానీ చచ్చిపోయినవాళ్ళ కథ మొత్తం అందులోనే ఉంటుంది, ఏ ఊరి నుంచి వచ్చాడు, ఏ అప్పు తీర్చాడు, ఏ కూతురి పెళ్ళికి ఏం అమ్మాడు, చివరికి ఏం తినాలని అడిగాడు, వరసగా చెప్పుకుంటూ ఏడుస్తారు. ఆ రోజు ఫోన్ పెట్టి రికార్డ్ చేయకండి, అది పద్ధతి కాదు. నెల పోనిచ్చి వెళ్ళి, అమ్మా ఆరోజు నువ్వన్న ఆ మాటలు మళ్ళీ చెప్పవా అని అడిగితే కూర్చోబెట్టి చెప్తారు.

పద్మశాలీలకి కథ చెప్పించుకోవడం కొత్త కాదు కూడా. మన కులకథలు చెప్పే కూనపులివాళ్ళు బొమ్మల పటం విప్పి మార్కండేయుడి కథ, భావనాఋషి కథ రాత్రంతా చెప్పేవాళ్ళు, కులం మొత్తం కూర్చుని వినేది. అది కులమూలం కథ, మీ గల్లీలో నైట్ షిఫ్ట్ చేసినాయన కథ అందులో రాదు, అది మీరే రాసుకోవాలి.

పిల్లల కోసం ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో మరాఠీ వేయండి, ఖర్చు కాస్త పెరిగినా ఫరవాలేదు. ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, తెలుగు పేజీలో వాళ్ళ మాటని పుస్తకం తెలుగులోకి మార్చకండి. సోలాపూర్ తెలుగులో సగం మరాఠీ కలిసి ఉంటుంది, ముసలమ్మ ఎట్లా మాట్లాడిందో అట్లాగే ఉంచండి. విడుదలకి వేరే ఫంక్షన్ అక్కర్లేదు, రాఖీ పున్నమి రోజు మార్కండేయ రథోత్సవానికి అందరూ వస్తారు కదా, ఆ ముందురోజు గల్లీలో ఒక్కో పేజీ ఆ ఇంటి పిల్లలతోనే పైకి చదివించండి.

ప్రశ్న: దివిసీమ నుంచి రాస్తున్నా. మా నాయనమ్మ ఈమధ్య కాలం చేసింది. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంది, మా ఊళ్ళో ముసలివాళ్ళలో సగం మందికి అదే తేదీ. సమాధి మీద ఏ సంవత్సరం వేయించాలి?

జవాబు: ఆ జనవరి 1ని నమ్మకండి. వయసు మాత్రమే చెప్పినవాళ్ళకి ఆ లెక్కన సంవత్సరం కట్టి జనవరి 1 వేస్తారు. స్కూల్ రికార్డులో జూలై 1 ఉన్నవాళ్ళదీ ఎక్కువగా ఇలాంటి కథే, హెడ్‌మాస్టారు రాసుకున్న తేదీ.

మీ సీమలో లెక్క కట్టడానికి అందరికీ తెలిసిన రోజు ఒకటి ఉంది, 1977 నవంబర్ 19, ఉప్పెన వచ్చిన రోజు. ఆ రోజుకి నాయనమ్మ చంకలో ఎవరున్నారు, ఆ పిల్లకి నడక వచ్చిందా, ఆమెకి తొలి కాన్పు ఎన్నో ఏట అయింది, ఇలా వెనక్కి వెళ్తే రెండు మూడేళ్ళ తేడాతో దొరుకుతుంది. ఇంకా వెనక్కి కావాలంటే గాంధీ గారు పోయిన 1948 జనవరి, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953 అక్టోబర్. తెలంగాణ వాళ్ళయితే నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ అడగండి, కాస్త చిన్నవాళ్ళయితే 1979 జూలైలో అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మీద పడుద్దని ఊళ్ళకి ఊళ్ళు భయపడి కోళ్ళూ మేకలూ కోసుకుని తినేసిన సంగతి అడగండి, నవ్వుతూ చెప్తారు, అప్పుడు తమకెంత వయసో కూడా చెప్తారు. తెలుగు సంవత్సరం పేరు ఎవరైనా చెప్తే అదీ రాసుకోండి, ఉప్పెన పింగళ నామ సంవత్సరంలో వచ్చింది. మన ముత్తాతల ముత్తాతలు 1832 కరువుని నందన కరువు అనే గుర్తుపెట్టుకున్నారు, ఏడాది పేరు అంత గట్టిగా నిలబడుతుంది.

రాయి మీద "సుమారు" అని వేసి సంవత్సరం వేయించండి, అందులో తప్పేం లేదు. మరణ ధృవీకరణ మాత్రం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, ఇంటిపేరు అక్షరాలు సరిచూసుకోండి, తర్వాత దిద్దించడం నరకం.

మీరు అడగలేదు గానీ చెప్తున్నా. ఉప్పెన నాటికి ఇరవై ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు డెబ్భైకి దగ్గరపడ్డారు. నాయనమ్మ ఆ రాత్రి ఏం పట్టుకుని బతికింది, ఇంట్లో ఎవరు కొట్టుకుపోయారు, తెల్లారాక ఎవరు ముందు అన్నం పెట్టారు, ఇది పక్కింటి ఆమెకో చెల్లెలికో తెలిసే ఉంటుంది. ఈ వారమే వెళ్ళండి, దయచేసి.

ప్రశ్న: మా పెదనాన్న తాగుడుకి బానిసై రెండెకరాలు పోగొట్టాడు. తర్వాత మానేసి కూలికెళ్ళి ముగ్గురాడపిల్లల్ని చదివించాడు. సంవత్సరీకానికి నాలుగు మాటలు రాసి పంచుదామంటే, తాగుడు సంగతి ఎత్తొద్దని మా నాన్న పట్టు. ఏం చేయమంటారు?

జవాబు: మీ పెద్దమ్మని, ఆ ముగ్గురు అక్కల్ని అడగండి, నిర్ణయం వాళ్ళది, మీ నాన్నగారిదీ కాదు మీదీ కాదు. ఆ రోజులు పడింది వాళ్ళు. వద్దంటే రాయకండి, కానీ "మద్యం ముట్టని మనిషి" అన్న అబద్ధం మాత్రం ఎవరు చెప్పినా రాయొద్దు. నా అభిప్రాయం అడిగితే, పోగొట్టిన పొలం పక్కనే కూలికెళ్ళి పిల్లల్ని చదివించడం చిన్న విషయం కాదు, తాగుడు తీసేస్తే ఆయన చేసిన అసలు పని కూడా కనపడకుండా పోతుంది. పెద్దమ్మతో ఇదే మాట నెమ్మదిగా చెప్పి చూడండి.

ప్రశ్న: గుంటూరు జిల్లా. మా అమ్మమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఫోన్‌లో ఉన్నాయి, "తిన్నావా, ఎప్పుడొస్తావు" ఇంతే ఉంటుంది. నవంబర్‌లో సమాధుల పండుగకి అందరం కలుస్తాం, అప్పుడు వినిపిద్దామని. ఇవి పోకుండా ఎలా దాచాలి?

జవాబు: ఈ రోజే వాట్సాప్ లోంచి బయటికి తీయండి, ఫోన్ పాడైనా మార్చినా ఎక్కువమందివి అప్పుడే పోతాయి. ఒక్కోదాన్నీ మీ మెయిల్‌కి పంపుకుని కంప్యూటర్‌లో దించుకోండి, రెండు పెన్‌డ్రైవ్‌ల్లో కాపీ చేసి ఒకటి మీ దగ్గర, ఒకటి మావయ్య వాళ్ళింట్లో ఉంచండి. ఫైల్ పేరు నంబర్లతో వదిలేయకండి, అమ్మమ్మ పేరు, ఊరు, నెల, సంవత్సరం పెట్టండి. చిన్నవని ఏదీ తీసేయొద్దు, వెనకాల కోడి అరుపు, కుక్కర్ విజిల్ వినిపిస్తే అవి కూడా ఆ ఇల్లే. పండుగకి అందరూ వస్తున్నారు కాబట్టి పాత ఫొటోలు కూడా పట్టుకెళ్ళండి, ఫొటో వెనక పెన్సిల్‌తో, పెన్నుతో కాదు, ఎడమ నుంచి ఎవరెవరో రాయించండి, పెద్దమ్మల్లో వయసు ఎక్కువున్న ఆమెతో మొదలుపెట్టండి.