ఐసోమెట్రిక్ బొమ్మ నుంచి మూడు వ్యూలు: ఎడమ సైడ్ వ్యూ కుడి పక్కన ఎందుకు, హిడెన్ లైన్లు ఎక్కడెక్కడ?

ప్రశ్న: డిప్లొమా మొదటి సంవత్సరం. ఐసోమెట్రిక్ బొమ్మ (వస్తువు మూడు వైపులూ ఒకేసారి కనిపించే బొమ్మ) ఇచ్చి మూడు వ్యూలు గీయమంటే ఫ్రంట్ వ్యూ వస్తుంది, టాప్ వ్యూ సగం వస్తుంది, సైడ్ వ్యూ దగ్గర ఆగిపోతున్నాను. ఎడమ నుంచి చూసింది కుడి పక్కన ఎందుకు గీయాలి? హిడెన్ లైన్లు (కంటికి కనపడని అంచులకి వేసే తెగిన గీతలు) ఎక్కడ వేయాలో ఎలా తెలుస్తుంది?

జవాబు:

ముందు స్థానాల సంగతి తేల్చుకుందాం. ఫస్ట్ యాంగిల్ అనే పద్ధతిలో వస్తువు మీకూ తలానికీ (బొమ్మ పడే ఊహా గోడకీ) మధ్య ఉంటుంది. ఎడమ నుంచి చూస్తే మీ చూపు వస్తువును దాటి అవతల, అంటే కుడివైపు ఉన్న తలం మీద పడుతుంది. బొమ్మ అక్కడే ఏర్పడుతుంది కాబట్టి ఫ్రంట్ వ్యూకి కుడి పక్కన గీస్తాం. పై నుంచి చూసింది వస్తువు కింద ఉన్న హెచ్‌పీ (నేలలా అడ్డంగా ఉన్న తలం) మీద పడుతుంది. ఆ తలాన్ని కిందికి తిప్పి పరిస్తే టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూ కిందికి వస్తుంది. థర్డ్ యాంగిల్‌లో తలం మీకూ వస్తువుకూ మధ్య ఉంటుంది, అందుకే అక్కడ ఎడమది ఎడమకే, పైది పైకే. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వారి డ్రాయింగ్ నియమావళి ఎస్‌పీ 46 ప్రకారం మన కాలేజీల్లో గీసేది ఫస్ట్ యాంగిల్. అమెరికాలో వాడేది థర్డ్ యాంగిల్. యూట్యూబ్‌లో అక్కడి వీడియో ఒకటి, ఇక్కడి నోట్సు ఒకటి కలిపి చదివితే తికమక తప్పదు. వీడియో మొదలుపెట్టే ముందు షీటు మూలన ఉండే శంకువు గుర్తు చూడండి. రెండు వృత్తాలు శంకువు పెద్ద కొస వైపు ఉంటే ఫస్ట్ యాంగిల్, చిన్న కొస వైపు ఉంటే థర్డ్ యాంగిల్.

ఇది బట్టీ పట్టాల్సిన అవసరం లేదు. ఒక ఆలుగడ్డను దిమ్మెలా కోసి, ఫ్రంట్ ముఖం పైకి ఉండేలా, వస్తువు పైభాగం మీకు దూరంగా ఉండేలా షీటు మీద పెట్టండి. కుడివైపుకి ఒక దొర్లు దొర్లించండి. ఇప్పుడు పైకి వచ్చింది ఎడమ ముఖం. మళ్ళీ మొదటి స్థితికి తెచ్చి మీ వైపుకి దొర్లిస్తే పైకి వచ్చేది టాప్ ముఖం. ఫస్ట్ యాంగిల్ అమరిక మొత్తం ఇంతే. దొర్లించాక ఏ అంచు ఎటు ఉందో కూడా చూడండి: వస్తువు వెనక ముఖం ఎప్పుడూ ఫ్రంట్ వ్యూకి దగ్గరగా, ముందు ముఖం దూరంగా వస్తుంది. సైడ్ వ్యూని సరైన చోట పెట్టి, లోపల మాత్రం అద్దంలో చూసినట్టు తిరగేసి గీసేవాళ్ళు చాలామంది. ఈ ఒక్క పరీక్షతో ఆ తప్పు పోతుంది.

ఇక ఒక లెక్క తీసుకుని గీద్దాం. అడుగు పలక 80 పొడవు, 50 వెడల్పు, 15 ఎత్తు, అన్నీ మి.మీ.లో. ఎడమ చివర 20 మందం ఉన్న నిలువు పలక, మొత్తం ఎత్తు 60, వెడల్పు పూర్తి 50. ఆ నిలువు పలకలో ఎడమ నుంచి కుడికి 24 వ్యాసం ఉన్న రంధ్రం, దాని కేంద్రం అడుగు నుంచి 38 ఎత్తులో, వెడల్పుకి మధ్యలో. నిలువు పలక పైన ముందు మూల 15 కిందికి, 15 వెనక్కి ఏటవాలుగా కోసేశారు. అడుగు పలక కుడి చివర మధ్యలో 20 వెడల్పు, 25 పొడవు గాడి, పైనుంచి కింది దాకా. ఫ్రంట్ వ్యూ ఎల్ ఆకారం కనిపించే వైపు నుంచి. అడిగింది ఎడమ సైడ్ వ్యూ.

స్కేలు ముట్టుకోకముందే రఫ్ కాగితం మీద చేత్తో ఐదు నిమిషాల స్కెచ్ వేయండి. కొలతలు అక్కర్లేదు, నిష్పత్తి చాలు. ఐసోమెట్రిక్ బొమ్మలో ప్రతి ముఖానికీ ఒక అక్షరం ఇచ్చి, ఒక్కో వ్యూలో అది ఎలా కనిపిస్తుందో రాసుకోండి. సమతలంగా ఉన్న ముఖం ఒక వ్యూలో గీతగా అయినా కనిపిస్తుంది, లేదా అన్నే భుజాలున్న ఆకారంగా అయినా కనిపిస్తుంది. మూడో దారి లేదు. మన ఏటవాలు ముఖానికి నాలుగు భుజాలు. సైడ్ వ్యూలో అది ఒక వాలు గీత, ఫ్రంట్ వ్యూలో 20 × 15 దీర్ఘచతురస్రం, టాప్ వ్యూలోనూ 20 × 15. అడుగు పలక పై ముఖానికి గాడి వల్ల ఎనిమిది భుజాలు. టాప్ వ్యూలో లెక్కపెడితే ఎనిమిదీ రావాలి. ఏడే వచ్చాయంటే ఎక్కడో గీత పోయింది. హిడెన్ లైన్లు వెతకడానికి కూడా ఈ పద్ధతిని మించింది నాకు కనిపించలేదు, ఎందుకంటే మీరు గీతల్ని కాదు, ముఖాల్ని వెతుకుతున్నారు.

షీటు మీద ముందు మూడు పెట్టెలు 2హెచ్ పెన్సిల్‌తో పల్చగా: 80 × 60, దాని కింద 80 × 50, కుడి పక్కన 50 × 60. ఎక్స్‌వై గీతకి (ఫ్రంట్, టాప్ వ్యూల మధ్య అడ్డ గీత) అటూ ఇటూ 20 చొప్పున, ఫ్రంట్, సైడ్ వ్యూల మధ్య నిలువు ఎక్స్1వై1 గీతకి కూడా 20 చొప్పున ఖాళీ వదిలితే మొత్తం 170 × 150 అవుతుంది. ఏ3 షీటులో 1:1లో సరిపోతుంది. కానీ కింద కుడి మూలన టైటిల్ బ్లాక్ ఉంటుంది కాబట్టి సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పైకి జరిపి పెట్టండి. ఒక వ్యూ పూర్తిచేసి రెండోదానికి వెళ్ళొద్దు. మూడూ కలిసి పెరగాలి. రంధ్రం ఎక్కడ వృత్తంగా కనిపిస్తుందో అక్కడ ముందు కంపాస్ పెట్టి, మిగతా వ్యూలకి ప్రొజెక్టర్లు (ఒక వ్యూ నుంచి ఇంకోదానికి కొలత మోసే పల్చని గీతలు) లాగాలి.

ఫ్రంట్ వ్యూ: ఎల్ ఆకారం, నిలువు పలక మీద 45 ఎత్తులో 20 పొడవు పూర్తి గీత (ఏటవాలు కోత కింది అంచు). రంధ్రానికి 26, 50 ఎత్తుల్లో రెండు హిడెన్ లైన్లు, 38లో సెంటర్ లైన్ (రంధ్రం మధ్యగా వెళ్ళే గీత). ఈ హిడెన్ లైన్లు 20 దగ్గరే ఆగాలి, రంధ్రం ఆ పలకలోనే ఉంది మరి. గాడి లోపలి గోడకి ఎడమ అంచు నుంచి 55 దగ్గర 15 ఎత్తు నిలువు హిడెన్ లైన్.

టాప్ వ్యూ: కొలతలు వెనక అంచు, అంటే పైనున్న అంచు నుంచి. 20 దగ్గర నిలువు గీత. గాడి 55 నుంచి 80 దాకా, వెనక నుంచి 15, 35 దూరాల్లో రెండు పూర్తి గీతలు, 55 దగ్గర వాటిని కలిపే నిలువు గీత. కుడి అంచు ఆ రెండింటి మధ్య తెరిచి ఉండాలి. ఏటవాలు కోత పై అంచు 35 దూరంలో, 0 నుంచి 20 దాకా. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కోత గీత, గాడి గీత రెండూ 35లోనే ఉన్నాయి కాబట్టి చెయ్యి ఆపకుండా ఒకే గీత లాగేస్తారు. 20 నుంచి 55 దాకా అక్కడ ఏ అంచూ లేదు, చదునైన పలక మాత్రమే. రంధ్రం హిడెన్ లైన్లు 13, 37 దూరాల్లో. 35లో ఉన్న పూర్తి గీతకి 2 మి.మీ. దూరంలోనే ఒకటి వస్తుంది, రెండూ అంటుకుపోకుండా పెన్సిల్ మొన చెక్కుకోండి.

ఎడమ సైడ్ వ్యూ: బయటి ఆకారానికి ఐదు భుజాలు, కోత కుడి పై మూలన, ఎందుకంటే ముందు ముఖం కుడివైపు. మధ్యలో 24 వృత్తం, రెండు సెంటర్ లైన్లు. అడుగు పలక పై ముఖం నిలువు పలక వెనక దాగి ఉంది: 15 ఎత్తులో 50 పొడవునా హిడెన్ లైన్. దాని కింద గాడి గోడలకి 15, 35 దూరాల్లో రెండు నిలువు హిడెన్ లైన్లు. ఇదే దిమ్మెని కుడి నుంచి చూస్తే ఒక్క హిడెన్ లైన్ కూడా రాదు. ఇలాంటి దిమ్మెకి ఏ వైపు వ్యూ గీయాలో ప్రశ్నలో చెప్పకపోతే కుడిదే ఎంచుకోండి.

టాప్ వ్యూ వెడల్పుల్ని సైడ్ వ్యూకి మోయడానికి వేసే 45 డిగ్రీల గీత ఎక్స్‌వై, ఎక్స్1వై1 కలిసే బిందువు నుంచే మొదలవ్వాలి. అది 46 డిగ్రీలు పడితే మీ 50 వెడల్పు దాదాపు 52 అవుతుంది. అప్పుడు తప్పంతా సైడ్ వ్యూలో కనిపిస్తుంది కానీ కారణం అక్కడ ఉండదు. నా మాట వింటే డివైడర్‌తో టాప్ వ్యూలో తీసిన దూరాన్ని నేరుగా సైడ్ వ్యూలో పెట్టండి, వేగం కూడా. పేపర్‌లో ప్రొజెక్టర్లు చూపించమంటే మాత్రం 45 గీత ఉంచాల్సిందే. మినీ డ్రాఫ్టర్ వాడేవాళ్ళు అప్పుడప్పుడూ స్కేలుని తిరిగి ఎక్స్‌వై మీదికి తెచ్చి చూడాలి. క్లాంపు వదులైతే స్కేలు మెల్లగా వాలిపోతుంది, కంటికి తెలియదు.

హిడెన్ లైన్ గీత సుమారు 3, ఖాళీ 1 మి.మీ. అంచుని తాకేచోట గీతతోనే తాకాలి, ఖాళీతో కాదు. పూర్తి గీతకి కొనసాగింపుగా హిడెన్ లైన్ మొదలైతే మాత్రం మధ్యలో చిన్న ఖాళీ వదలాలి. ఒకే చోట రెండు పడితే పూర్తి గీతదే పైచేయి, తర్వాత హిడెన్, ఆ తర్వాతే సెంటర్ లైన్. ఎక్కడి హిడెన్ లైన్‌కీ కొలత ఇవ్వొద్దు: రంధ్రం వ్యాసం సైడ్ వ్యూలో వృత్తానికి, గాడి కొలతలు టాప్ వ్యూలో, ఎల్ ఆకారం కొలతలు ఫ్రంట్ వ్యూలో. ఏటవాలు కోతకి కొలత సైడ్ వ్యూలో, 15, 15గా. వాలు గీత పొడవు కొలవొద్దు. ఐసోమెట్రిక్ బొమ్మలో కూడా ఆ వాలు గీత మీద స్కేలు పెట్టి తీసిన కొలత నిజమైంది కాదు, అక్షాల వెంట ఉన్నవే నిజం.

కంప్యూటర్ మీద చేసేటప్పుడు: సాలిడ్‌వర్క్స్‌లో షీట్ ప్రాపర్టీస్‌లో ప్రొజెక్షన్ రకం, ఆటోక్యాడ్‌లో వ్యూఎస్‌టీడీ కమాండ్. మోడల్ నుంచి వ్యూలు తీయకముందే ఫస్ట్ యాంగిల్‌కి మార్చి పెట్టుకోండి.