నల్లచీర కడితే తప్పా?

ప్రశ్న: మరిది రిసెప్షన్‌కి నల్ల పట్టుచీర కొన్నాను. అత్తయ్య చూసి ముఖం ముడుచుకున్నారు. రంగుకి ఇంత పట్టింపేంటండీ?

జవాబు: చిన్నప్పటి నుంచి ఏ రంగుని ఎక్కడ చూశామో ఆ జ్ఞాపకమే పట్టింపవుతుందండీ. శుభకార్యానికి నలుపు వద్దనే మనమే మంగళసూత్రానికి నల్లపూసలు గుచ్చుతాం, పసిపిల్లల బుగ్గన దిష్టిచుక్క పెడతాం. మహారాష్ట్రలో అయితే సంక్రాంతికి ఏరికోరి నల్లచీరే కడతారు, చలికాలం కదా, నలుపు ఎండ వేడిని బాగా పీల్చుకుంటుందని. ఉత్తరాదిలో తెలుపు విధవల రంగు, మన పెళ్లికూతురు పీటల మీద కట్టేదేమో ఎర్రంచు తెల్ల మధుపర్కం! సరే, వాదించి అత్తయ్య మూడ్ పాడుచేయడం దేనికి, ముహూర్తానికి పసుపో ఆకుపచ్చో కట్టి, ఇది రిసెప్షన్‌కి ఉంచుకోండి. అన్నట్టు, షాపు లైట్ల కింద నలుపనుకున్నది ఎండలో ముదురు నీలంగా తేలడం మామూలే. ఒకసారి వాకిట్లోకి తెచ్చి ఆవిడకే చూపించండి.