ఇనౌయే, నకటాని తలపడితే ఇనౌయేకి దెబ్బ ఎక్కడ తగులుతుంది?

జపాన్ బాక్సర్లు ఇనౌయే, నకటానిల గురించి ప్రశ్న అడిగినాయన ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టారు. 2025 చివరికి ఇద్దరివీ 32 ఫైట్లు, 32 గెలుపులు, ఇనౌయేకి 27 నాకౌట్లు, నకటానికి 24. నకటాని వయసులో దాదాపు ఐదేళ్లు చిన్న, ఎత్తులో ఏడెనిమిది సెంటీమీటర్లు పెద్ద, పైగా ఎడమచేతి వాటం. మరి వీళ్లిద్దరూ కొట్టుకుంటే ఇనౌయే బలం ఏంటి, బలహీనత ఏంటి అని అడిగారు. నేను వైజాగ్‌లో ఆరేళ్లు గ్లవ్స్ వేసుకున్నవాణ్ణి, ఇనౌయే ఫైట్ ఒక్కటి కూడా వదలకుండా చూస్తున్నవాణ్ణి, అందుకని ఈ లెక్కలు పక్కన పెట్టి నాకు కనపడింది చెప్తాను.

ముందు ఒక మాట. యూట్యూబ్‌లో నాకౌట్ల ముక్కలు చూసి బాక్సర్‌ని అంచనా వెయ్యకండి. ఆ ముక్కల్లో దెబ్బ తగిలిన క్షణమే ఉంటుంది. తగలని దెబ్బ తర్వాత ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడు, చెయ్యి వెనక్కి ఎంతసేపట్లో వచ్చింది అనేది కోసేస్తారు, అసలు చూడాల్సింది అదే. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో చెప్పాలి.

నాకు పదిహేడేళ్లప్పుడు ఒక టోర్నమెంట్‌లో సెమీస్ దాకా వెళ్లాను. మర్నాడు నాతో తలపడాల్సిన అబ్బాయి క్వార్టర్స్ ఆడుతుంటే మాస్టారు నన్ను రింగ్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి "సూడు బాగా" అన్నారు. ఆ అబ్బాయి రైట్ హ్యాండ్ గురించి అప్పటికే అందరూ చెప్పుకుంటున్నారు. నేనూ ఆ రైటే చూశాను, రెండు రౌండ్లు దాన్నే చూశాను, అది తగిలినప్పుడు వచ్చే చప్పుడుకి నాకు కడుపులో తిప్పింది. అయిపోయాక మాస్టారు అడిగారు, "ఏటి సూసావురా?" రైట్ చాలా గట్టిది మాస్టారూ అన్నాను. "అది ఊరందరికీ తెలుసు. రైట్ కొట్టాక ఎడం చెయ్యి ఎక్కడుంది? ముందు కాలు మీద బరువుందా, వెనక కాలు మీదా?" నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు మొదటి రౌండంతా నేను ఆ రైట్ కోసమే కాచుకుని ఉన్నాను, బాగానే తప్పించుకున్నాను. రెండో రౌండులో నా జాబ్ (ముందు చేత్తో నేరుగా కొట్టేది), క్రాస్ (వెనక చేత్తో నేరుగా కొట్టేది) రెండూ శుభ్రంగా తగిలాయి, అతని హెడ్‌గార్డ్ వెనక్కి ఊగడం నాకు కనిపించింది, ఆ కనిపించిన అర సెకను నేను అక్కడే ఉండిపోయాను. అతను రైట్ విసిరాడు, అది నా చెవి పక్కనుంచి పోయింది, హమ్మయ్య అనుకున్నాను. ఆ రైట్‌తో అతని బరువంతా ఎడమ కాలు మీదకి వచ్చేసిందని, అక్కణ్ణుంచి ఎడమ హుక్, అంటే పక్కనుంచి తిప్పి కొట్టే గుద్దు, స్ప్రింగ్ వదిలినట్టు వస్తుందని నాకు తట్టలేదు. తగిలినట్టు కూడా తెలియలేదు. మోకాలి కింద కాన్వాస్ తడిగా తగిలింది, పది దాకా లెక్కపెట్టే రిఫరీ వేళ్లు ఐదు దగ్గరున్నాయి, పదిలోపు లేవకపోతే ఓడిపోయినట్టే. లేచాను, పాయింట్ల మీద ఓడిపోయాను.

ఆ రాత్రి తిట్టలేదు మాస్టారు. షెడ్డుకి తీసుకెళ్లి సిమెంటు నేల మీద సుద్దముక్కతో రెండు పాదాలు గీశారు, వాటి ముందు ఇంకో రెండు పాదాలు గీశారు. "ఇక్కడున్నప్పుడు కొట్టావు. కొట్టాక ఇక్కడుండాలి" అని పక్కకి ఇంకో జత గీశారు. "నువ్వు కొట్టి సూసుకుంటన్నావు. కొట్టాక సూడకు, తప్పుకో." ఆ సుద్దగీతల మీద గంటసేపు నన్ను నడిపించారు. అప్పట్నుంచీ ఎవరి ఫైట్ చూసినా నా కళ్లు ముందు కొట్టాక పాదాలు ఎక్కడున్నాయో అక్కడికే పోతాయి.

ఇప్పుడు ఇనౌయే దగ్గరికి వద్దాం. ఆయనకి నిజంగా దెబ్బ తగిలిన మూడు సందర్భాలు తీసుకోండి. 2019 నవంబర్‌లో సైతామాలో డొనైర్ రెండో రౌండులో కొట్టింది ఎడమ హుక్. దాంతో కుడికన్ను చుట్టూ ఎముక విరిగింది, ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తుంటే గ్లవ్‌తో ఆ కన్ను మూసుకుని మరీ పన్నెండు రౌండ్లు ఆడి గెలిచాడు. 2024 మే 6న టోక్యో డోమ్‌లో నెరీ మొదటి రౌండులోనే పడగొట్టింది ఎడమ హుక్‌తో. 2025 మేలో లాస్ వేగస్‌లో కార్డెనాస్ రెండో రౌండులో పడగొట్టిందీ ఎడమ హుక్కే. మూడుసార్లూ ఒకే వైపు, మూడుసార్లూ మొదటి రెండు రౌండ్లలోనే. ఆయన గట్టిగా కొడదామని లోపలికి వెళ్లినప్పుడు కుడి చెయ్యి దవడ దగ్గర ఉండాల్సింది కాస్త కిందకి జారుతుంది, కాళ్లు ఆగిపోతాయి. జనం గడ్డం మెత్తన, అంటే దెబ్బ తట్టుకోలేడు అంటున్నారు, నేను ఒప్పుకోను. గడ్డం మెత్తనైతే లేవడు. నెరీ పడగొట్టినప్పుడు కంగారుగా లేవలేదు, మోకాలి మీదే ఉండి ఎనిమిది దాకా లెక్క పూర్తిగా వాడుకుని లేచాడు, రెండో రౌండులో నెరీని పడేశాడు, ఐదులో పడేశాడు, ఆరులో ముగించాడు. కార్డెనాస్‌ని ఏడులో పడేసి ఎనిమిదిలో ముగించాడు. దెబ్బ తిన్నాక అంత చల్లగా ఆలోచించే బాక్సర్ని నేను ఇంకొకర్ని చూడలేదు. కాబట్టి లోపం గడ్డంలో లేదు, కొట్టాక ఆగే ఆ అర సెకనులో ఉంది. కార్డెనాస్ ఫైట్ మనకి సోమవారం పొద్దున వచ్చింది, అది అవ్వగానే మాస్టారి ఫోను. "ఎడం చెయ్యేనా?" అన్నారు. ఎడం చెయ్యే మాస్టారూ అన్నాను. ఇంకేం మాట్లాడలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. టోక్యోలో రాత్రి తొమ్మిదికి ఫైట్ మొదలైతే మనకి సాయంత్రం ఐదున్నర, హాయిగా టీ తాగుతూ ఇంటిల్లిపాదీ చూసే టైము. అయినా మన తెలుగు స్పోర్ట్స్ పేజీల్లో ఇనౌయే పేరు కనబడదు. బాక్సింగ్ అంటే మనవాళ్లకి నిఖత్ గెలిచిన రోజు ఒక ఫోటో, అంతే. నిజామాబాద్ అమ్మాయి 2022లో, 2023లో వరసగా ప్రపంచ ఛాంపియన్ అయితే పండగ చేశారు, పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ లేక రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ వూ యూ ఎదురైంది, ఆ వూ యూ చివరికి గోల్డ్ కొట్టింది, ఇదేదీ చూడకుండా మర్నాడే "అయిపోయింది ఆ అమ్మాయి పని" అని రాసేశారు. బౌట్ చూసి రాసినవాళ్లు ఎంతమంది? కష్టపడ్డ మనిషి గురించి రాసేటప్పుడు తొమ్మిది నిమిషాల వీడియో చూసే ఓపిక కూడా లేకపోతే ఎలా?

సరే, నకటాని. పదిహేనేళ్ల వయసులో జపాన్ వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్లి రూడీ హెర్నాండెజ్ దగ్గర నేర్చుకున్న మనిషి, మూడు వెయిట్లలో (బరువు తరగతుల్లో) ఛాంపియన్. పొడుగు చేతులుండీ దగ్గరికి వచ్చి కూడా కొట్టగలడు, అది అరుదు. అసలు ఆయుధం ఎడమ చెయ్యి. చూడండి, ఇనౌయే కుడి గార్డు జారే వైపుకే నకటాని ఎడమ చెయ్యి వస్తుంది. ప్రశ్నలో భయపడాల్సింది ఏదైనా ఉంటే ఇదే, ఎత్తు కాదు, వయసు కాదు. కొంతమంది మోలోనీ అన్నదమ్ములతో పోలుస్తున్నారు, కవలల్లో జేసన్‌ని ఇనౌయే 2020లో ఏడో రౌండులో పడేశాడు, ఆండ్రూని నకటాని 2023లో పన్నెండో రౌండులో పడేశాడు, కాబట్టి ఇనౌయే దెబ్బే గట్టిదని. కవలలైనంత మాత్రాన ఇద్దరూ ఒకేలా ఆడతారా? ఆండ్రూ లేవలేకుండా పడిపోయిన ఆ దెబ్బ చూసినవాడెవడూ నకటాని ఎడమ చెయ్యి తక్కువ అనడు.

కానీ అదే ఎడమచేతి వాటం నకటానికి ఒక గొయ్యి కూడా. లివర్ మనిషికి కుడివైపు ఉంటుంది. ఎడమచేతి వాటం బాక్సర్ కుడి కాలు, కుడి పక్క ముందుకి పెట్టి నిలబడతాడు, అంటే లివర్‌ని తెచ్చి ఎదుటివాడి ఎడమ చేతికి దగ్గరగా పెట్టినట్టే. ఇనౌయే ఎడమ చెయ్యి కడుపు పక్కన పడితే ఏమవుతుందో డొనైర్ పదకొండో రౌండులో చూశాం, ఎడమచేతి వాటం దస్మరినాస్ 2021లో మూడో రౌండులో మెలికలు తిరగడం చూశాం. ముఖం మీద దెబ్బకి మనసు గట్టిగా ఉంటే నిలబడొచ్చు, లివర్ మీద పడితే మనసుతో పని లేదు, కాళ్లు వాటంతటవే మడతపడిపోతాయి. జిమ్‌లో ఒకసారి తిన్నవాడికి ఇది మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇంకోటి, 2025 డిసెంబర్ 27న రియాద్‌లో ఇద్దరూ ఒకే రాత్రి, వేరే వేరే ప్రత్యర్థులతో ఆడారు. ఇనౌయే పికాసోని పాయింట్ల మీద తేలిగ్గా గెలిచాడు. నకటాని కొత్త వెయిట్‌లో మొదటిసారి సెబాస్టియన్ హెర్నాండెజ్‌తో ఆడి చాలా ఇబ్బంది పడ్డాడు, ఆ మెక్సికన్ ఆగకుండా మీద మీదకి వస్తుంటే సగం నుంచి వెనక్కి అడుగులేశాడు. రౌండు రౌండుకీ వేసిన మార్కులు కూడితే ఇద్దరు జడ్జీలు నకటానికి 115-113 ఇస్తే మూడో ఆయన 118-110 ఇచ్చాడు. నేనూ కూర్చుని రౌండు రౌండుకీ రాసుకున్నాను, ఆ 118 ఏ లెక్కనా నాకు రాలేదు. అంత కష్టపడి పన్నెండు రౌండ్లు గుద్దులు తిని ఆడిన ఆ మెక్సికన్‌కి ఇలా మార్కులేస్తే రేపు ఇంకో పేద ఇంటి కుర్రాడు ఏ నమ్మకంతో రింగ్‌లోకి దిగుతాడు? ఆ మాట ఎవరూ గట్టిగా అడగరు.

నా జవాబు అయితే ఇది. ఇనౌయే 2025 సెప్టెంబర్‌లో నగోయాలో అఖ్మదలియేవ్‌తో ఆడినట్టు ఆడితే నకటానికి దారి లేదు. అఖ్మదలియేవ్ ఎడమచేతి వాటం, రియో ఒలింపిక్స్ కాంస్యం తెచ్చినవాడు, ఎడమ చెయ్యి ఉక్కు. ఆ రాత్రి ఇనౌయే నాకౌట్ మాటే మర్చిపోయి పన్నెండు రౌండ్లూ కాళ్ల మీదే ఉన్నాడు, జాబ్ కొట్టాడు, పక్కకి తప్పుకున్నాడు, మళ్లీ వచ్చాడు, మళ్లీ తప్పుకున్నాడు. నాకు మాస్టారి సుద్దగీతలు కళ్లముందు కదిలాయి. ఇద్దరు జడ్జీలు 118-110, ఇంకొకరు 117-111. అలా కాకుండా టోక్యో డోమ్ నిండా జనం అరుస్తుంటే నెరీ ఫైట్‌లో లాగా వాళ్ల కోసం మొదటి రౌండులోనే కొట్టి చూపిద్దామనుకుంటే మాత్రం నకటాని ఎడమ చెయ్యి ఎదురుచూస్తూ ఉంటుంది, కార్డెనాస్ దెబ్బ లాంటిది నకటాని చేత్తో తింటే లెక్క ఎనిమిదితో ఆగుతుందని నేను పూచీ ఇవ్వలేను.

ఈ ఫైట్ చూస్తే మూడో రౌండు దాకా ఇనౌయే చేతులు చూడకండి. జాబ్ కొట్టిన ప్రతిసారీ ఎడమ పాదం నకటాని కుడి పాదానికి బయటివైపు పడుతోందా లేదా అదొక్కటే చూడండి. పడుతుంటే ఇనౌయే పాయింట్ల మీద, నా లెక్క 116-112. పడకపోతే నాకు ఫోన్ చెయ్యకండి, నేను మాస్టారితో లైన్లో ఉంటాను.