ముందుమాట చివర చదువు, అమ్మలూ

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి అత్త ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "అత్తా, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' సగం దాకా వచ్చాను. అందరూ గొప్ప నవల అంటారు. నాకేమో అందులో హీరో దయానిధి మీద విసుగొస్తోంది. నాకు సాహిత్యం తలకెక్కదేమో" అన్నావు. అప్పుడు ఇంట్లో ఆవకాయకి కాయ కొట్టించే హడావిడిలో ఉన్నాం. సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ జాడీలకి వాసెన కట్టేశాం. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

తలకెక్కకపోతే విసుగు రాదమ్మా, నిద్ర వస్తుంది. విసుగొచ్చిందంటే నువ్వు దయానిధిని ఒక మనిషిగా ఎదురుగా కూర్చోబెట్టుకున్నావన్నమాట. దాన్ని దాచేసుకోకు. అది ఎక్కడ మొదలైందో, ఏ పేజీలో, ఎవరితో మాట్లాడుతున్నప్పుడు మొదలైందో వెతికి పట్టుకో. ఈ వేసవి సెలవుల్లో నువ్వు చెయ్యాల్సిన పని అదొక్కటే. ఎన్ని నవలలు పూర్తి చేశావన్న లెక్క నాకు అక్కర్లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకో కారణం ఉంది. బీఏ రెండో ఏడాదిలో కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారు, సరిగ్గా ఈ నవల మీదే. నాకూ నీలాగే విసుగొచ్చింది. ఆ సంగతి బయటపడితే తెలివి తక్కువదాన్నని అనుకుంటారేమోనని భయం. లైబ్రరీలో కూర్చుని ముందుమాటా, మరో రెండు విమర్శ వ్యాసాలూ ముందేసుకున్నాను. అక్కడి మాటలే అటూ ఇటూ మార్చి, అంతరంగ అన్వేషణ, అస్తిత్వ వేదన అంటూ వరసగా పేర్చాను. మొదటి బహుమతి వచ్చింది. ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. ఆ డబ్బా నీకు తెలుసు, చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడల్లా అందులోంచే జంతికలు తీసుకుని తినేదానివి. కానీ ఆ ఆరు పేజీల్లో నాది ఒక్క వాక్యం కూడా లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఏ నవల చదివినా నాకేమనిపించిందో నాకే తెలిసేది కాదు. ముందు ఎవరేమన్నారో వెతుక్కునేదాన్ని. ఆ అలవాటు వదలడానికి పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళు నీకు పోకూడదు.

అందుకని ముందుమాటలు చివర చదువు. మన పాత నవలల్లో ముందుమాట అంటే ఒక్కోసారి కథంతా చెప్పేసి, నువ్వేమనుకోవాలో కూడా చెప్పేస్తుంది. రాసినవాళ్ళు పెద్దవాళ్ళే, చాలాసార్లు వాళ్ళు చెప్పింది నిజమే. అయినా వాళ్ళ అభిప్రాయం నీకంటే ముందు కుర్చీలో కూర్చుంటే నీది గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. యూట్యూబ్‌లో ఇరవై నిమిషాల్లో నవల కథ చెప్పే వీడియోలూ అంతే. చదవడం అయ్యాక, నీది నువ్వు రాసుకున్నాక, అవన్నీ చూడు. అప్పుడు వాళ్ళతో ఒప్పుకోవడానికీ, పోట్లాడటానికీ నీ దగ్గర సరుకు ఉంటుంది.

రాసుకోవడం అన్నాను కదా. ఒక రూళ్ళ నోటుబుక్కు కొనుక్కో. ఫోన్లో వద్దు, ఫోన్లో రాసింది మళ్ళీ తిరగెయ్యవు. ఏ రోజు చదివింది ఆ రాత్రే, పడుకునే ముందు నాలుగైదు వాక్యాలు రాయి. తెల్లారితే ఆ కోపం చల్లారిపోతుంది, మంచిదానిలా రాయాలనిపిస్తుంది. ఎక్కడ పుస్తకం మూసేశావో రాయి, ఎవరి మీద కోపం వచ్చిందో రాయి. ఏ వాక్యం రెండుసార్లు చదివావో పేజీ నంబరుతో సహా ఎక్కించు. "బాగుంది", "బోర్ కొట్టింది" అని రాస్తే రాయి గానీ, అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టకు. 'ఎందుకంటే' అని ఇంకో ముక్క కలుపు. ఆ ఎందుకంటే తర్వాత నీకు ఏమీ తోచకపోతే ఆ పేజీకి వెనక్కి వెళ్ళు. చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు నీ దయానిధి సంగతి. మనిషి నచ్చకపోవడం వేరు, నవల నచ్చకపోవడం వేరు. ఈ రెండూ కలిపేస్తే దారి తప్పుతాం. దయానిధి చుట్టూ ఇంతమంది ఆడవాళ్ళున్నా ఎవరినీ పూర్తిగా చూడడు, తన మనసునే తవ్వుకుంటూ ఉంటాడు. ఆ సంగతి బుచ్చిబాబుకి తెలియదంటావా? తెలిసే రాశాడని ఇప్పుడు నాకనిపిస్తుంది. 1946-47లో 'నవోదయ' పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల అది. బయట దేశమంతా స్వాతంత్ర్యం గురించి మాట్లాడుతుంటే, ప్రేమించడం చేతకాని ఒక మనసు గురించి రాశాడు. అది సాహసమని ఒప్పుకుంటాను. అయినా నా గొడవ నాకుంది. అది అతని భార్య ఇందిర గురించి. ఆమె వైపు నుంచి ఒక్కసారి ఆ పెళ్ళిని చూడాలనిపిస్తుంది నాకు. ఆ కిటికీ ఆ నవలలో తెరుచుకోదు. నువ్వు రెండో సగం చదివేటప్పుడు ఇందిర కనబడే పేజీలు కొంచెం నిదానంగా చదివి, నీకేమనిపించిందో చెప్పు. నాలాగే అనిపించాలని లేదు.

అది అయ్యాక ఇంకో ఇందిర దగ్గరికి వెళ్ళు. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. మన అనకాపల్లిలో పుట్టిన ఆవిడ. ఈ నవల 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. 1961లో ఆవిడ పోయారు, అప్పటికి ముప్ఫై రెండేళ్ళు కూడా నిండలేదు. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే. కథ జరిగేది ఈ విశాఖపట్నంలోనే, మేడ మీద గది అద్దెకి తీసుకున్న ప్రకాశం అనే మెడికల్ స్టూడెంట్, కింద ఉండే ఇందిర, కల్యాణి, వీళ్ళ చుట్టూ.

ఈ నవల నేను మూడుసార్లు చదివాను. నా వేసవి నోటుబుక్కుల్లో ఎక్కువ పేజీలు దీనివే. నీ వయసులో, ఆ వ్యాసం పోటీకి ముందే, చదివినప్పుడు ఇందిర అంటే మండిపోయింది. స్వార్థపరురాలు, తనకి కావలసింది లాక్కునే మనిషి అనుకున్నాను. నెమ్మదస్తురాలు కల్యాణి పక్షాన నిలబడ్డాను. రెండోసారి చదివేనాటికి నాకు ముప్ఫై ఎనిమిది. అప్పటికి పదహారేళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నాను. జీతం అందగానే ఇంటద్దె, నాన్నగారి మందులు, మీ నాన్న కాలేజీ ఫీజు పోగా చేతిలో ఏం మిగిలేదో నాకే తెలుసు. ఆ వేసవిలో ఇందిర మళ్ళీ ఎదురైంది. ఇల్లు గడపడానికి ఉద్యోగం చేస్తూ, తన జీతం మీద బతికే తండ్రిని మోస్తూ, తనకీ ఒక జీవితం కావాలని అడిగే పిల్ల. ఆమెని ఇరవయ్యేళ్ళప్పుడు ఎంత తేలిగ్గా తిట్టుకున్నానో గుర్తొచ్చి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. కరెంటు పోయింది, విసనకర్ర తీసుకోవడానికి కూడా లేవలేదు. నవలలో ఒక్క అక్షరం మారలేదు, మారింది నేను. ఇరవయ్యేళ్ళప్పుడు రాసుకున్న కాగితం ఉండబట్టే ఆ మార్పు నాకు కంటికి కనబడింది. రాసుకోమని నిన్ను పట్టుకుని ఇంతగా చెప్తున్నది ఇందుకే.

మూడోసారి నిరుడు చదివాను. ఈసారి ఇందిరని వెనకేసుకొచ్చే పని కూడా మానేశాను. ఆమె వల్ల ఎవరికి దెబ్బ తగిలిందో అది కూడా కనబడింది. శ్రీదేవి ఆమెని మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. డాక్టరు కదా, మనిషిని పూర్తిగా పరీక్ష చేసి మన ముందు పెట్టింది. చివర ఏమవుతుందో చెప్పను. ఈ కథతో 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. సినిమా సినిమాగా చూడు గానీ, అది చూసి నవల చదివేశాననుకోకు.

రావిశాస్త్రి 'అల్పజీవి' కూడా మన ఊరి మనిషి రాసిందే. ఆయన ఇక్కడ వకీలుగా ఉండేవారు. అందులో సుబ్బయ్యకి అన్నీ భయాలే. బావమరిదంటే భయం, ఆఫీసంటే భయం. మొదటిసారి నలభై పేజీలు చదివి పక్కన పడేశాను, ఇంత పిరికివాడి గురించి ఎందుకు చదవాలి అని. ఆ తర్వాత ఒక సాయంత్రం మా బ్రాంచిలో క్యాష్ కట్టేటప్పుడు మూడు వందలు షార్ట్ వచ్చింది. ఆఫీసరు నా పక్కనే నిలబడి ఏమీ అనకుండా చూస్తున్నాడు. నా నోరు ఎండిపోయింది. దొంగ అనుకుంటాడా, రేపు అందరికీ చెప్తాడా, నాన్నగారికి తెలిస్తే ఎలా, ఇలా ఒకదాని మీద ఒకటి ఆలోచనలు పరిగెడుతున్నాయి, చేతులు మాత్రం నోట్లు లెక్కపెడుతున్నాయి. చివరికి వందల కట్టొకటి మళ్ళీ లెక్కపెడితే అందులో నూట మూడు నోట్లున్నాయి. ఆ రాత్రి ఇంటికొచ్చి 'అల్పజీవి' మళ్ళీ తెరిచాను. సుబ్బయ్య బుర్రలో మాటలు అలా ఎందుకు ఆగకుండా, ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయో అప్పుడు తెలిసింది. వాక్యాల నడక అర్థం కాకపోతే ఆ పేజీలు పైకి చదువు. చెవికి తొందరగా అందుతుంది.

కాబట్టి ఒక పుస్తకం సాగకపోతే పక్కన పెట్టెయ్, తప్పేం లేదు. ఏ పేజీలో ఆగావో తారీఖు వేసి అందులో ఒక చీటీ పెట్టు. అమ్మెయ్యకు, ఎవరికీ ఇచ్చెయ్యకు.

నువ్వు హాస్టల్లో ఉన్నావు కాబట్టి 'అంపశయ్య' నీకు తొందరగా దగ్గరవుతుంది. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్క రోజు, లేచింది మొదలు రాత్రి దాకా. 1969లో వచ్చింది. ఆ పుస్తకం పేరే రచయిత నవీన్‌కి ఇంటిపేరైపోయింది. పరీక్షల టెన్షన్, చేతిలో డబ్బుల్లేకపోవడం, మీకూ ఉన్నవే. మీ రోజుల్లో ఒకదాన్ని అలా రాసి చూసుకో, ఎంత కష్టమో తెలుస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' మటుకు ఎండ తగ్గి వానలు పడ్డాక మొదలుపెట్టు, అది నిదానంగా నడిచే పుస్తకం. 1922 నాటిది, వెల్లూరు జైల్లో కూర్చుని రాశారు, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఒక నవలకి ప్రభుత్వం ఎందుకు భయపడిందో చదువుతూ వెతుకు. 'వేయి పడగలు' ఈ ఏడాది వద్దు. అంత పెద్ద పుస్తకాన్ని విశ్వనాథవారు 29 రోజుల్లో చెప్పి రాయించారని ప్రసిద్ధి. నాకు మాత్రం చదవడానికి మూడు వేసవులు పట్టింది. అందులో హీరో ధర్మారావు నమ్మకాలతో పేజీ పేజీకీ వాదించాను, చాలావాటితో ఇప్పటికీ ఒప్పుకోను. అయినా గిరిక అనే అమ్మాయి నాట్యం దగ్గరికి వచ్చేసరికి నా వాదన ఆగిపోయింది. ఒప్పుకోని పుస్తకం కూడా మనసుని అలా పట్టుకోగలదని ఆ నవలే నాకు చూపించింది.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' గురించి ఒక్క జాగ్రత్త. చిన్న పుస్తకం కదా అని రాత్రిపూట ఒక్కదానివే కూర్చుని మొదలుపెట్టకు. సీతారామారావు పతనం చాలా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. ముగింపు ఇంకా కష్టం. పగలు చదువు, ఇంట్లో మనుషులు తిరుగుతున్నప్పుడు. మనసు బరువెక్కితే మూసేసి అమ్మ దగ్గర కూర్చో, నాకు ఫోన్ చెయ్, ఎన్ని గంటలైనా సరే. చదివేశాక అతని మీద జాలి వస్తుందో, కోపం వస్తుందో నాకు తెలుసుకోవాలని ఉంది. నాకైతే అతని భార్యాబిడ్డల కోసం కోపమే వచ్చింది. మీ మావయ్యకి జాలి వచ్చింది. ఆ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

పుస్తకాలు దొరకకపోతే జూన్‌లో హైదరాబాదు వెళ్ళాక ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద చూడు. పాత కాపీ కొంటే లోపల ఎవరో గీసిన గీతలుంటాయి. ముందు వాటిని పట్టించుకోకు. చదవడం అయ్యాక మాత్రం తిరగేసి చూడు, ముక్కూమొహం తెలియని మనిషి ఎక్కడ ఆగాడో తెలుసుకోవడం నాకు భలే ఇష్టం.

ఆవకాయ జాడీతో పాటు నా 'కాలాతీత వ్యక్తులు' పంపిస్తున్నాను. నూనె అంటకుండా పుస్తకాన్ని వేరే కవర్లో పెట్టాను. నా పెన్సిల్ గీతలన్నీ నిన్న మధ్యాహ్నం కూర్చుని రబ్బరుతో చెరిపేశాను, నా గీతల వెంట నువ్వు నడవకూడదని. ఒక్క చోట మాత్రం పెన్నుతో గీశాను, అది పోలేదు. ఏ పేజీయో చెప్పను. నీ గీతలు నువ్వు పెట్టుకుని, జూన్‌లో వెళ్ళే ముందు పుస్తకమూ, నోటుబుక్కూ రెండూ పట్టుకుని ఒకసారి వచ్చి వెళ్ళు.

ఇట్లు,
మీ అత్త