పని అయ్యేదాకా ఆ కోడ్ చెప్పకండి

పెద్ద కంపెనీల సర్వీసు రానురాను ఎందుకింత దిగజారిపోతోంది, మీకెవరికైనా ఇలా జరిగిందా, జరిగితే ఏం చేశారు అని అడిగారు కదా. మాకు జరిగింది, ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

పోయినేడు ఏప్రిల్‌లో తెనాలిలో మా అమ్మ ఫ్రిజ్ ఆగిపోయింది. కొని నాలుగేళ్ళే, కంప్రెసర్‌కి పదేళ్ళ వారంటీ అని తలుపు మీద ఇంత స్టిక్కర్ ఉంది. అమ్మకి షుగరు, తెరవని ఇన్సులిన్ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, బయటేమో ఎండలు మండిపోతున్నాయి. సీసాలన్నీ పక్కింటి పిన్నిగారి ఫ్రిజ్‌లో పెట్టించి, వాడుతున్న దాన్ని మాత్రం డబ్బాలో పెట్టి మట్టికుండ నీళ్ళలో ఉంచుకుంది అమ్మ.

నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాను. తెలుగు కోసం 4 నొక్కమంటే నొక్కాను, చాలాసేపు పాట విన్నాక హిందీలో మాట్లాడే అమ్మాయి వచ్చింది, ఎల్లుండి వస్తారంది. నాలుగో రోజు మెసేజ్ వచ్చింది, మా మనిషి వచ్చాడు కానీ కస్టమర్ ఇంట్లో లేరు, కంప్లైంట్ క్లోజ్ చేశాం అని. అమ్మ మోకాళ్ళ నొప్పులతో గడప దాటదు! మళ్ళీ కంప్లైంట్ పెడితే ఈసారి ఒక అబ్బాయి వచ్చి కంప్రెసర్ పోయింది, పార్టు తెప్పించాలి అని నాకు ఫోన్‌లో చెప్పి, మీ ఫోన్‌కి కోడ్ వచ్చుంటుంది చెప్పండి మేడం అన్నాడు. పార్టు ఆర్డర్ పెట్టడానికేమో అనుకుని చెప్పేశాను. అది పని పూర్తయిందని కస్టమర్ ఒప్పుకున్నట్టు కోడ్ అట. తెల్లారేసరికి క్లోజ్, పైగా మా సేవకి ఎన్ని స్టార్లిస్తారు అని మెసేజ్.

నేను 2009లో ఒక కాల్ సెంటర్‌లో పదకొండు నెలలు పనిచేశాను. అప్పుడు కూడా మమ్మల్ని అడిగేది కస్టమర్ సమస్య తీరిందా అని కాదు, కాల్ ఎన్ని నిమిషాల్లో ముగించావు అనే. కాకపోతే అప్పుడు కనీసం టీమ్ లీడర్‌కి లైన్ కలిపేవాళ్ళం, ఆయనకి ఏదో ఒకటి చేసే అధికారం ఉండేది. ఇప్పుడు ముందు బాట్ (మనిషి బదులు జవాబిచ్చే కంప్యూటర్), దాని వెనక స్క్రీన్ మీద ఉన్నది చదవడం తప్ప ఏమీ చెయ్యలేని మనిషి, ఇంటికొచ్చే అబ్బాయేమో అసలు కంపెనీ ఉద్యోగే కాదు, ఫ్రాంచైజీ వాడి మనిషి. మూడో కంప్లైంట్‌కి వచ్చినప్పుడు ఆ అబ్బాయే ఫోన్‌లో చెప్పాడు, నాకు జీతం లేదు మేడం, కాల్‌కి ఇంతని ఇస్తారు, కంప్లైంట్ క్లోజ్ అవ్వకుండా ఉంటే దాంట్లోనే కోసేస్తారు అని. నాకు బాధనిపించింది, అతన్ని తిట్టి లాభం లేదు, దయచేసి మీరు కూడా తిట్టకండి.

కానీ ఈసారి కోడ్ ఇవ్వలేదు. తమ్ముడూ, నీ మీద కోపం లేదు, పార్టు వేసి ఫ్రిజ్ చల్లబడ్డాక ఇస్తాను అని చెప్పి, జాబ్ షీటు మీద పార్టు రాలేదు, పని అవ్వలేదు అని రాయించి అమ్మ చేత ఫోటో తీయించాను. మూడు కంప్లైంట్ నంబర్లూ తేదీలతో సహా కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. అదే రోజు 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళు కోర్టులా తీర్పు ఇవ్వలేరు, కంపెనీకి పంపి జవాబు అడుగుతారు అంతే, కానీ నాకు అర్థమైనంతలో అది కంపెనీలో కాల్ సెంటర్‌కి కాకుండా వేరే వాళ్ళ టేబుల్ మీదకి వెళ్తుంది. ఆరో రోజు ఫోనొచ్చింది, అచ్చ తెలుగులో! గ్యాస్ నింపడానికి, లేబర్‌కి డబ్బులు కట్టాలన్నారు, వారంటీ పార్టుకే అట, రెండుసార్లు తప్పుడు క్లోజింగ్ పెట్టింది మీరే కదా అని గట్టిగా వాదిస్తే అదీ వదిలేశారు. మొత్తం పంతొమ్మిది రోజులకి కంప్రెసర్ మారింది, అప్పుడు ఇచ్చాను కోడ్.

అది కూడా అవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామని అన్నీ సిద్ధం చేసుకున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. బ్యాంకు గొడవైతే దారి వేరు, ముందు బ్యాంకుకే రాసి 30 రోజులు చూసి అప్పుడు బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి పెట్టాలి, దానికీ ఖర్చు లేదు.

ఇంకొకటి, షోరూముల్లో ఇచ్చే ఆ నున్నటి కాగితం బిల్లు ఉంటుందే, అది కొన్నాళ్ళకే వెలిసిపోయి తెల్లకాగితం అయిపోతుంది. మాది అలాగే పోయింది, కొన్నరోజు మా తమ్ముడు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో దొరికింది కాబట్టి సరిపోయింది. ఏం కొన్నా అదే రోజు ఫోటో తీసి పెట్టుకోండి.