మన దేశంలో రిపేర్ హక్కు చట్టం వస్తే సామాన్యుడికి ఒరిగేదేమైనా ఉందా?

ఉంది. కొన్న వస్తువుని కంపెనీ దగ్గరే కాకుండా నచ్చిన చోట బాగుచేయించుకోగలగడమే రిపేర్ హక్కు. కాకపోతే ఆ హక్కు మనతో పాటు బయటి మెకానిక్‌కి కూడా దక్కాలి. విప్పి బాగుచేసేది అతనే కదా.

మా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ బట్టలు పిండేటప్పుడు రోడ్డు రోలర్ తోలినట్టు మోత మొదలెట్టింది. కంపెనీ మనిషి వచ్చి డ్రమ్ము చేత్తో తిప్పి, బేరింగులు పోయాయన్నాడు. సరే మార్చమంటే, అలా కుదరదు, డ్రమ్ము చుట్టూ ఉండే టబ్బు మొత్తం మార్చాలి, 12,000 దాకా అవుతుందన్నాడు. ఆ ప్లాస్టిక్ టబ్బు రెండు సగాల్నీ ఫ్యాక్టరీలోనే కరిగించి అతికించేస్తారు. ఒక్క బోల్టూ ఉండదు. పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోండని సలహా కూడా ఇచ్చి వెళ్లాడు. ఆ తర్వాత ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కట్టమని ఒకటే ఫోన్లు!

మా వీధి మెకానిక్ టబ్బుని బాల్కనీలోకి తెచ్చి, హాక్సా బ్లేడుతో అతుకు వెంబడి చుట్టూ కోశాడు. "ఈడ బోల్టులు పెడితే ఏం పోతుండె సార్ వాళ్లకు?" అన్నాడు. బేరింగుల మీద నంబరు ఉంటుంది. అది పట్టుకుని సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్తే కొట్లో వెంటనే ఇచ్చారు, ఆయిల్ సీలుతో సహా. పాతవి కొట్టి దింపి, కొత్తవి ఎక్కించి, అంచు పొడుగునా సిలికాన్ పట్టించి స్క్రూలు బిగించి రాత్రంతా ఆరనిచ్చాడు. కూలితో కలిపి 3,000 లోపే. చుక్క నీరు కారడం లేదు.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో దీని మీద కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. రిపేరుకి ఎంత అనువుగా ఉందో మార్కులిచ్చే సూచీ మీద 2025 మేలో నివేదిక కూడా వచ్చింది. ఫ్రాన్స్‌లో 2021 నుంచే 10కి ఇన్ని అని మార్కులు వేస్తున్నారు, మొదటి జాబితాలోనే ఫ్రంట్ లోడ్ మెషిన్లు ఉన్నాయి. మంచిదే, కానీ మార్కులతో టబ్బు ఊడిరాదు. యూరప్‌లో 2021 మార్చి నుంచి, మోడల్ అమ్మకం ఆగాక కూడా 10 ఏళ్లు విడిభాగాలు ఇవ్వాలన్న నిబంధన ఉంది. అందులోనే డ్రమ్ము, బేరింగులు విడిగా గానీ కలిపి గానీ ఇవ్వొచ్చని వెసులుబాటు పెట్టారు. ఇక విడిగా ఎవరిస్తారు? మన చట్టంలో ఈ సందు ఉండకూడదు. అరిగిపోయే భాగాన్ని విడిగా, ఎవరడిగినా అమ్మాలి. టబ్బుకి బోల్టులు ఉండాలి.

కార్ల కంపెనీలు బయటి గ్యారేజీలకి విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ అందనివ్వడం లేదని కాంపిటిషన్ కమిషన్ 2014లోనే 14 కంపెనీలకి 2,544 కోట్ల జరిమానా వేసింది. కార్లకి తప్పయినది వాషింగ్ మెషిన్లకి ఎలా ఒప్పవుతుంది?

ప్రస్తుతానికి మీ మెషిన్ ఇలా మోగుతుంటే, కొటేషన్‌కి ఒప్పుకునే ముందు టబ్బు కోసే మెకానిక్ ఉన్నాడేమో వాకబు చేయండి. డ్రమ్ము వెనక దాన్ని మోసే లోహపు చట్రం, అంటే స్పైడర్, విరిగి ఉంటే మాత్రం బేరింగులు మార్చినా లాభం లేదు, ముందు అది చూపించుకోండి.